జనుము పూల మీద నాగలి

మా అపార్టుమెంటులో ఉండే ఒకమ్మాయికి ఈమధ్య వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చి, "తాతగారూ, మీరూ ఇదే పని చేశారటగా, నాకేమైనా చెప్పండి" అని అడిగింది. నోటికి ముందుగా ఒక రంగు వచ్చింది. "పసుపు" అన్నాను. ఆ పిల్ల మర్యాదగా నవ్వి వెళ్ళిపోయింది. పెద్దాయనకు మతి కాస్త అటూ ఇటూ అయిందనుకుని ఉంటుంది.

మణికొండలో మా బాల్కనీనుంచి చూస్తే ఖాజాగూడ గుట్టలు ఇంకా కొన్ని కనిపిస్తాయి. చలికాలం పొద్దున మంచు కమ్ముకున్నప్పుడు అద్దాల మేడలన్నీ మాయమై, ఆ రాళ్ళు మాత్రం గాలిలో తేలుతుంటాయి. అప్పుడు నా కళ్ళకు మక్కచేలు కనబడతాయి. ఈ వయసులో కలకూ జ్ఞాపకానికీ నడుమ గట్టు కరిగిపోయింది. అయినా కింద రాసినవన్నీ జరిగినవే.

ఎప్పుడు ఉద్యోగంలో చేరానో, ఎక్కడెక్కడికి బదిలీ చేశారో రాయను. ఎవరికీ పనికిరాని సంగతులవి. ఆ అమ్మాయిలా కొత్తగా చేరే మీలాంటివాళ్ళ కోసం ఒక చేను గురించి, దాన్ని దున్నిన ఇద్దరు మనుషుల గురించి, నా పై అధికారి ఒకాయన గురించి రాస్తాను. నేను నేర్చుకున్నదంతా వాళ్ళ దగ్గరే.

చెల్క

నాది కృష్ణ ఒడ్డు. నల్లమట్టిలో, కాలవ నీళ్ళలో పెరిగినవాణ్ణి. మా వైపు వరి కోసిన మడిలో జనుమో పిల్లిపెసరో చల్లి వదిలేస్తే తనంత తానే పెరిగేది. అరవయ్యో దశకం చివర నన్ను హైదరాబాదు శివారు పల్లెలకు వేశారు. మెహిదీపట్నంలో ఒక గది కిరాయికి తీసుకుని, రోజూ సైకిలు మీద రాయదుర్గం దాటి ఖాజాగూడ, గచ్చిబౌలి, మణికొండ తిరిగేవాణ్ణి. ఇల్లంత బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో ఇప్పుడే పెట్టి పక్కకు జరిగినట్టు నిలబడి ఉండేవి. మొదటి రోజు వాటి మధ్య పోతుంటే ఎవరి కలలోకో పిలవకుండా వచ్చినట్టనిపించింది.

ఆ రాళ్ళ నడుమ ఉండే ఎర్రటి గరుసు నేలను చెల్క అంటారు. వాన పడగానే నీటిని తాగేస్తుంది, మర్నాటికి తాగిన గుర్తే ఉండదు. ఎరువు వేసినా అంతే. అలాంటి నేలలో మక్క, అంటే మా వైపు మొక్కజొన్న, పండించేవారు. మక్క రవ్వతో వండిన గటుకే వాళ్ళ తిండి, దాని కాడలే వాళ్ళ పశువుల మేత. ఏటేటా అదే నేలలో అదే పంట. నేల ఎంత తేలికో మక్క అంత తిండిపోతు. అది అడిగే తిండి నత్రజని. అది చాలకపోతే కింది ఆకులు కొననుంచి మొదలై, నడిమి ఈనె వెంబడి లోపలికి పసుపెక్కుతాయి. ఆ తర్వాత కంకిలో గింజలు పళ్ళూడిన నోరులా ఉంటాయి.

వానకు చదువు రాదు

మా పై అధికారిని ఊళ్ళలో అందరూ బడే సాబ్ అనేవారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఎండలో కూడా షేర్వాణీ బొత్తాలు విప్పేవారు కారు. ఎరువులు బాగా దొరికిన ఒక ఏడాది, యూరియా అంతా విత్తేటప్పుడే వేయించమని ఆయన మాకు ఉత్తర్వు ఇచ్చారు. పని త్వరగా తెమిలిపోతుందని ఆయన ఉద్దేశం. వేయించాం. వెనువెంటనే పెద్ద ముసురు పట్టింది. చెల్కలో నత్రజని నీటితో పాటు వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోయింది. మోకాలెత్తు రాకముందే చేలన్నీ పాలిపోయాయి.

బడే సాబ్ జీపు దిగి, ఖాజాగూడలో ఒక గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. చుట్టూ రైతులు మూగారు. తిడతారేమోనని నేను బిక్కుబిక్కుమంటున్నాను.

"గలతీ నాది," అన్నారు ఆయన వాళ్ళతో. "దఫ్తర్ల కూసొని హుకుం రాసిన. వానకు సదువు రాదు గద, నా హుకుం అది సదువలే."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ ఏడాదినుంచి యూరియాను విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తుకు వచ్చాక కొంత, కొసన జల్లుపూత తొడిగే ముందు కొంతగా వేయించడం మొదలైంది. ఈ సంగతి మీ పుస్తకంలో ఒక వాక్యంలో ఉంటుంది. దాని వెనక ఎన్ని చేలు పాలిపోయాయో ఉండదు. రైతుల ముందు తన తప్పు తానే చెప్పుకున్న అధికారిని ఆ తర్వాత నేను పెద్దగా చూడలేదు. మీకు అలాంటి అధికారి దొరికితే ఆయన వెనకే నడవండి.

పువ్వు

డెబ్బయ్యో దశకంలో ఎరువులకు కరువొచ్చింది. సంచి కోసం మనుషులు పొద్దంతా నిలబడి ఉత్త చేతులతో తిరిగిపోయేవారు. "సంచి లేదు భాయ్," అన్నారు బడే సాబ్. "సంచి లేకుండ ఏం జేయిస్తవో జేయించు." నాకు మా ఊరి జనుము గుర్తొచ్చింది.

ఖాజాగూడలో గుట్ట కింద బాలయ్యకు కొంత చెల్క, ఒక మోటబావి ఉండేవి. తక్కువ మాట్లాడే మనిషి. మాటలన్నీ అతని భార్య పెంటమ్మవి. మొదటిసారి నేను "పెంటమ్మగారూ" అని పిలిస్తే పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏంది సారు, గారు గీరు అంటున్నవ్! అక్కా అను, సాలు."

అప్పటినుంచి అక్కా అనే పిలిచాను. ఆ ఇంట్లో ఆరని భయం ఒకటి ఉండేది. బాలయ్య తమ్ముడు గుట్ట అవతల బండలు పేల్చే పనికి పోయి, పేలుడులో చనిపోయాడు. మక్క దిగుబడి తగ్గినకొద్దీ బాలయ్య చూపు కూడా ఆ గుట్ట వైపే తిరుగుతోంది.

"ఈసారి కంకి నిండకుంటె నేను బండల పనికి పోత సారు," అన్నాడు ఒకరోజు నా ముందే. "గింజ లేని ఎవుసం ఎందుకు?"

"పోతవ్, పోతవ్," అంది పెంటమ్మ. "నీ తమ్ముడు పొయ్యిండు గద, మళ్ల ఇంటికొచ్చిండా?"

ఆ మాట విన్న కాసేపటికి నేనే జనుము సంగతి ఎత్తాను. ఎండాకాలం మొదట్లో సగం చెల్కలో జనుము చల్లి, మోట నీళ్ళతో కాపాడి, పూత మొదలవగానే దున్నేసి, అది మట్టిలో మగ్గాక మక్క వేద్దామన్నాను. జనుమనగానే బాలయ్య ముఖం విప్పారింది.

"నార తీసుకోవచ్చు. మోటకు తాడు గావాలె."

"నార కాదు బాలయ్యా. లేతగా ఉన్నప్పుడే దున్నెయ్యాలి."

"దున్నాలె? పచ్చని పంటనా?"

ఎరువు ఎక్కడా దొరకని ఏడాది కాబట్టి ఒప్పుకున్నాడు. జనుము నడుం ఎత్తు పెరిగాక ఒక మొక్క పీకి వేళ్ళకున్న బుడిపెలు చూపించాను. గాలిలోని నత్రజనిని ఇవే పట్టి నిలబెడతాయని, ఒక బుడిపెను గోటితో నొక్కాను. లోపల ఎర్రగా ఉంది. వీళ్ళకు ఇక నమ్మకం కుదురుతుందనుకున్నాను.

పెంటమ్మ వెనక్కి జరిగింది. "నెత్తురు లెక్కున్నది సారు. పానమున్నదాన్ని తొక్కిస్తవా?"

తర్వాత వారానికి పూత వచ్చింది. అదే నేను ఆ అమ్మాయికి చెప్పబోయిన పసుపు. ఆ చుట్టుపక్కల నేలంతా ఎర్రగా, రాళ్ళన్నీ బూడిదరంగులో ఉంటే, గుట్ట కింద ఆ సగం చెల్క మాత్రం వెలిగిపోతుండేది. పొద్దు పొడిచేవేళకు సైకిలు దిగి అక్కడ నిలబడితే తుమ్మెదల రొద ఒకటే వినిపించేది. గాలి వీస్తే పసుపంతా ఒక పక్కకు ఒరిగి నెమ్మదిగా మళ్ళీ లేచేది. పెంటమ్మ ఒడినిండా పూలు కోసుకుని కూర వండేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

దున్నాల్సిన రోజులు అవే. "జర ఆగు సారు," అనేది పెంటమ్మ. "ఇంకొంచెం పెరగనీ, నార గట్టివడ్తది," అనేవాడు బాలయ్య. ఆ పూల ముందు నిలబడి నాగలి కట్టమని నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. అలా ముగ్గురం ఆ పసుపును చూస్తూ రోజులు గడిపేశాం. తొలకరి పడి, పక్క చేలవాళ్ళు మక్క విత్తేశాక గానీ మెలకువ రాలేదు. అప్పటికి జనుము కాడలు కట్టెల్లా బిగిశాయి. కాయలు కూడా తొడిగాయి.

బాలయ్య ఎడ్లను చేలోకి తోలాడు. కడుపు దాకా పూలలో మునిగి, అవి ఏరు దాటుతున్నట్టు నడిచాయి. నాగలి వెనక పసుపు వంగి, ఎర్రమట్టి కిందికి పోయింది. పెంటమ్మ గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. మగ్గడానికి గడువు లేకపోయింది. అదను దాటిపోతుందని వెంటనే చేనంతా మక్క విత్తేశారు.

పాలిపోయిన సగం

మొలక బాగా వచ్చింది. మోకాలెత్తుకు వచ్చేసరికి పాలిపోయింది. అదీ జనుము దున్నిన సగమే. ఏమీ వేయని సగం దానికన్నా పచ్చగా ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే తేడా గీత గీసినట్టు తెలుస్తోంది.

నేను బడే సాబ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన మర్నాడే వచ్చారు. పెంటమ్మ ఎదురెళ్ళింది.

"సాబ్, పువ్వుల చేను దున్నిచ్చిండ్రు. ఇగ జూడుండ్రి. మక్క కామెర్లొచ్చినట్టున్నది. నా మొగడు బండల పనికి పోతనంటుండు. ఎవరిని అడగాలె నేను?"

బడే సాబ్ చేలోకి దిగి, గొంతుక్కూర్చుని, చేత్తో మట్టి తవ్వారు. ఒక జనుము కాడ బయటికి లాగారు. పైన నల్లబడింది గానీ నార ఇంకా తెగలేదు. దాన్ని పెంటమ్మ చేతికిచ్చారు.

"బిడ్డా, ఇది ఇంక మురగలే. ముదిరినంక దున్నిండ్రు. మన్నుల కండ్లకు అవుపడని జీవాలుంటయ్. గీ కట్టెను తినాలంటె వాటికి గూడ నత్రజని గావాలె. మక్క నోటికాడిది గుంజుకుంటున్నయ్. తినుడయినంక మళ్ల మన్నుకే ఇడుస్తయ్."

"ఎప్పుడు ఇడుస్తయ్?"

"వానలు పడనీ. ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయకుండా ఎలా ఉంటుంది? యూరియా కోసం ఆయన తనకు తెలిసిన ప్రతి చోటా అడిగి చూశారు. దొరకలేదు. మరునాడు పొద్దున బాలయ్య ఎవరితోనూ ఏమీ అనకుండా సమ్మెట భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు.

మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు ఇచ్చే సలహా శాస్త్రప్రకారం సరైనదే కావచ్చు. కానీ అది సరైనదని తేలేలోపు ఆ ఇంట్లో వాళ్ళు ఏం తిని బతుకుతారో కూడా మీరే ఆలోచించాలి. నేను అప్పటిదాకా నేలను చూశాను, ఆకును చూశాను. ఆ గడువును చూడలేదు.

కొట్టం మన్ను

జనుము మురిగే ఆ కొద్ది రోజులు మక్క ఆకలిని ఆపాలి. పశువుల కొట్టంలో మూత్రంతో తడిసి తడిసి ఊరిన మన్నులో నత్రజని ఉంటుంది. ఆ మాట పెంటమ్మకు చెప్పాను. వాళ్ళ కొట్టంలోది చేలో ఒక మూలకు కూడా రాదు. కొంగు బిగించి ఊళ్ళోకి బయలుదేరింది. నేను వెనకాల నడిచాను.

"వదినా, మీ కొట్టంల మన్ను జర తవ్వుకుంట."

"మన్ను గూడ అడుక్కునేదాక వచ్చినవా?" అని ఒకావిడ గడపలో నవ్వింది.

"వచ్చిన. పార ఇస్తవా, నా పారతోనె తవ్వుకోనా?"

ఆ నవ్విన ఆవిడే పార తెచ్చి తాను కూడా తవ్వింది. తర్వాతి ఇంటివాళ్ళు అడగకముందే కొట్టం తలుపు తీశారు. కొట్టాల్లో గుంతలు పడితే పెంటమ్మ గుట్ట కిందినుంచి కొత్త మన్ను తెచ్చి పూడ్చి పెట్టింది. ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గంపలెత్తుకుని సాళ్ళ మధ్య చల్లాం. నా చొక్కా ఆ వాసన ఎన్ని ఉతుకులకూ వదల్లేదు. బాలయ్య లేడు కాబట్టి ఆ మన్నును కలిపేందుకు సాళ్ళ మధ్య గుంటుక కూడా పెంటమ్మే పట్టింది. ఎడ్లు ఆమె మాట వినక మక్క మీదికి పోతుంటే, "మీరు గూడనా, మీరు గూడ నా మాట ఇనరా?" అని వాటితో పోట్లాడింది.

అది ముగిసిన సాయంత్రం గుట్టల మీద మబ్బు పట్టింది. చిన్న వాన. రెండు రోజులాగి మరొకటి. గొడుగు కింద నిలబడి నేను ఆకులనే చూస్తుండేవాణ్ణి. కళ్ళు మూసుకున్నా అవే కనిపించేవి. ఒక పొద్దున మొక్కల నడినెత్తిలో, కొత్తగా విప్పుకుంటున్న ఆకు మొదట్లో, ముదురు పచ్చదనం కనిపించింది. నాకు కావాలనిపించి కనబడుతోందేమోనని దగ్గరికి పోయి వంగి చూశాను. పక్క మొక్క చూశాను. ఆ పక్కది కూడా. పెంటమ్మ నా వెనకే వచ్చి నిలబడింది.

"నాకే గట్ల అవుపడ్తుందనుకున్న సారు. నీకు గూడ అవుపడ్తుందా?"

"కనబడుతోంది అక్కా."

"అయితె నడు. నేను జెప్తె నమ్మడు. నువ్వు జెప్పాలె."

ఎర్ర జెండా

గుట్ట అవతలికి నడిచాం. దారికి అడ్డంగా ఒకతను ఎర్ర గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆగుండ్రి, పేలుస్తరు," అన్నాడు.

"మా ఇంటాయన పైన ఉన్నడు," అంది పెంటమ్మ.

"అందరు పక్కకు పోయిండ్రమ్మా. ఏం గాదు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ అలా పట్టుకోలేదు. పేలుడు ముందు కాళ్ళకు తెలిసింది, తర్వాత చెవులకు. తెల్లటి దుమ్ము గుట్ట మీదినుంచి పాలు పొంగినట్టు పొంగి, నెమ్మదిగా కిందికి దిగింది. లోకమంతా తెల్లగా అయిపోయింది. చప్పుడు లేదు. ఆ తెలుపులోంచి మనుషులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. జుట్టు, కనురెప్పలు, మీసాలు అన్నీ తెల్లబడి, అందరూ ఒకేలా ఉన్నారు. ఆమె ఒక్కో ముఖాన్నీ చూస్తోంది.

"ఏందే, గిక్కడికొచ్చినవ్?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

పెంటమ్మ నన్ను ముందుకు తోసింది.

"బాలయ్యా, మక్క మళ్ళీ పచ్చబడుతోంది. వచ్చి చూడు," అన్నాను.

"ఇది జెప్పమన్నదని జెప్తున్నరా సారు?"

"వచ్చి చూడు."

ముగ్గురం గుట్ట దిగి వచ్చేసరికి పొద్దు వాలింది. ఏటవాలు ఎండలో ఆకులు తడిసినట్టు మెరుస్తున్నాయి. బాలయ్య సమ్మెట గట్టు మీద పెట్టి, చేలోకి దిగి, ఒక మొక్క దగ్గర కూర్చున్నాడు. కొత్త ఆకును వేళ్ళతో నిమిరితే దాని మీద తెల్లటి దుమ్ము అంటింది. గబగబా తువ్వాలు తీసి ఆ దుమ్మును తుడిచాడు. తర్వాత తన ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తువ్వాలు ముఖం మీదినుంచి తీయలేదు.

"రేపు గుంటుక నేను పడ్త," అన్నాడు చివరికి. "నువ్వు సాళ్ళన్నీ వంకర జేసినవ్."

"జేస్త. మనిషి ఇంట్ల లేకుంటె గట్లనె జేస్త," అంది పెంటమ్మ. అప్పుడు ఏడ్చింది.

చేలో మాటలు

తర్వాత కొన్నాళ్ళు వాన మొహం చాటేసింది. అటు సగంలో ఆకులు పొద్దున్నే చుట్టుకుపోయేవి. జనుము దున్నిన సగంలో మట్టి గుల్లబారి, తడి నిలుపుకుని, ఆకులు మధ్యాహ్నం దాకా విప్పుకునే ఉండేవి. గింజ పాలుపోసుకునే నాటికి ఈ సగంలో కింది ఆకు కూడా పచ్చగా నిలిచింది. అద్భుతమేమీ జరగలేదు. కొన్ని కంకులకు కొన దాకా గింజ నిండలేదు. కానీ ఆ ఏడాది ఆ ఇంట్లో గటుకకు కొరత రాలేదు. మరుసటి ఏడాది వాళ్ళు మొదటి పువ్వు కనిపించగానే దున్నారు. నన్ను అడగలేదు కూడా.

కొత్తగా చేరేవాళ్ళకు నాకు తెలిసింది ఇంతే. జనుమును లేతగా దున్నండి. దానికి మగ్గే గడువివ్వండి. యూరియా దొరికినా విడతలుగా వేయించండి. ఇవి ఎవరైనా చెబుతారు. మీరు సలహా ఇచ్చిన చేను పాలిపోయిన రోజున మాత్రం తప్పకుండా ఆ ఊరికి వెళ్ళండి. చేతిలో ఏమీ లేకపోయినా సరే వెళ్ళండి.

ఆ ఏడాది కంకులు గట్టిపడే రోజుల్లో ఒక పొద్దున వాళ్ళ చేను దగ్గరికి వెళ్ళాను. మక్క నా తల దాటి పెరిగింది. గట్టు మీద ఎవరూ లేరు. పిలవబోతుండగా చేను లోపల ఒక మూలనుంచి పెంటమ్మ గొంతు వినిపించింది.

"బర్రె ఇయ్యాల ఈనేటట్టున్నది, తొందరగ పోవాలె."

"రేపు ఈనుతది," అన్నాడు మరో మూలనుంచి బాలయ్య.

"నీకేం తెలుసు? నిరుడు గిట్లనె అన్నవ్."

"చిలుకలు గిటు పడ్డయ్, గా డబ్బ కొట్టు."

డబ్బా మోగింది. చిలకలు ఒక్కసారిగా లేచి గుట్టల వైపు పోయాయి. మనుషులు కనిపించరు. ఆకుల రాపిడి, వాటి నడుమ ఆ ఇద్దరి మాటలు, అంతే. ఎడ్ల గురించి, బంధువుల ఇంట్లో పెళ్ళికి ఎవరు వెళ్ళాలన్న దాని గురించి, కూరలో ఉప్పు గురించి. ఒకరికొకరు కనబడకుండానే, గొంతు పెంచకుండానే మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ళను పిలవలేదు. సైకిలును చప్పుడు కాకుండా తిప్పుకుని, గచ్చిబౌలి దారి పట్టాను.